ఇంటిపేరు

పోసితోస్‌లో ఆరో అంతస్తు.
లిఫ్టు ఆగిన చప్పుడైంది.
చేతిలో పాలసీసా, భుజాన బ్రూనో కక్కిన తుండుగుడ్డ,
తలుపు తీసింది నేనే.
కార్మిక శాఖ మనిషి. మెడలో కార్డు, చంకలో ఫారాల అట్ట.
ఆగస్టు చలిగాలి అతనికంటే ముందే
లోపలికొచ్చి కూర్చుంది.
అతను రాలేదు.
జడ్జి కాగితం లేనిదే గడప దాటకూడదట.
చట్టానికి అంత మర్యాదుందని
మోంతెవిదేయోలో ఏడేళ్లున్నా నాకు తెలీదు.

అమ్మగారు వచ్చి నా భుజమ్మీద చెయ్యేశారు.
"పనిమనిషేమిటండీ, మా ఇంటిమనిషి."
అబద్ధం కాదు. పూర్తిగా కాదు.
మార్తీనా మొదటి అడుగు ఈ వంటింటి గచ్చు మీదే,
నా వేలు పట్టుకుని.
ఎవరికీ చెప్పలేదు.
సాయంత్రం వాళ్లమ్మ వచ్చాక
మళ్లీ వేయించాను,
అదే మొదటిదన్నట్టు చప్పట్లు కొట్టాను.

అతను కలం తీశాడు.
"పేరు?"
"నెలి."
"పూర్తిగా?"
"నేలిదా."
"ఇంటిపేరు?"

అమ్మగారు నావైపు తిరిగారు.
ఆవిడ మాత్రల వేళలు నాకు కంఠతా వచ్చు,
అయ్యగారి కాలరు కొలత వచ్చు,
మార్తీనాకి ఏ గింజ తింటే దద్దుర్లో వచ్చు.
ఆవిడకి రాని ప్రశ్న ఆ ఒక్కటే.
నేను చెప్పొచ్చు.
నోట్లో పన్ను సలుపుతోంది. లోపల బ్రూనో ఏడ్చాడు.
ఆ ఏడుపు పుణ్యమా అని
లోపలికి పోయాను.

కాలిపట్టా మీద ఓ కరపత్రం మిగిలింది.
స్నానాల గదిలో చదివాను, కొళాయి తిప్పేసి,
రోజుకో పేరా.

యూనియన్ గదిలో ఒకామె ఉంది,
ఆర్తిగాస్ నుంచి, మా వైపు యాస.
తను పీల్చిన మాతే గొట్టమే నాకూ అందించి అడిగింది,
"ఇంటిమనిషివా? అయితే వీలునామాలో ఉన్నావా?"
నవ్వాను. పన్ను మళ్లీ సలిపింది.

చట్టం గడప దాటి రాలేదు.
నేనే దాటి వెళ్లాల్సొచ్చింది.

ఇప్పుడు నెలనెలా చీటీ.
జూన్లో సగం, డిసెంబర్లో సగం పదమూడో జీతం.
ముసలితనం కోసం కూడా కొంత పట్టుకుంటున్నారు,
నాకూ ముసలితనం వస్తుందని
ఎవరో లెక్కేశారు.
ఆసుపత్రి కార్డొచ్చిన వారమే పన్ను పీకించుకున్నాను.
డాక్టరు దాన్ని దూదిలో చుట్టి ఇచ్చాడు.
ఎందుకో పారేయలేదు.

వారానికి ముప్పయ్యారు గంటలు నావి.
మొదటి ఆదివారం రాంబ్లా గట్టు మీద కూర్చున్నాను,
సముద్రమంత నదికి ఎదురుగా.
ఏం చెయ్యాలో తోచలేదు.
ఎవరిదో తోపుడుబండిలో బిడ్డ కేర్‌మంటే
నా చెయ్యి గాల్లో ఊగింది, తనంతట తానే.

రాత్రి తొమ్మిది గంటలు నన్నెవరూ లేపకూడదట.
బ్రూనోకి చట్టం తెలీదు, రెండింటికి లేస్తాడు.
వంతు అమ్మగారిదే.
గోడవతల ఆవిడ జోల తప్పుగా పాడుతుంటే
మేలుకునే ఉంటాను.
దీనికి చీటీలో గడి లేదు.

అమ్మగారు ఇప్పుడు భుజమ్మీద చెయ్యెయ్యరు.
చీటీ బల్ల మీద పెట్టి వెళ్తారు, ఉప్పుడబ్బా కింద,
ఎగిరిపోకుండా.

నిన్న మార్తీనాకి దొరికింది అది.
కొత్తగా చదువొచ్చిన పిల్ల, సబ్బు మీద రాతైనా వదలదు.
"నే-లి-దా... సిల్... ఇదేంటి?"
"ఇంటిపేరు."
"నీకూ ఉందా!"
"చదువు."
వేలు పెట్టి, నాలిక బయటపెట్టి,
కూడబలుక్కుంటూ
"సిల్... వే... రా."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.
"మళ్లీ చదువు" అన్నాను.