చామంతికి రాత్రి కావాలె

ములుగు రోడ్డు మీద, టైర్ల దుకాణం పక్కన
నల్ల జాలీ కింద నా నర్సరీ.
మొక్క ఇరవై రూపాయలు.
మాట ఉత్తగనే.

అందుకే మాట ఎవరూ నమ్మరు.

"మందారం మొగ్గలు రాలుతున్నయ్ చంద్రకళా,
ఏం మందు కొట్టాలె?"
ఓదెలు సారు ఆకును చేతిరుమాల్ల చుట్టుకొస్తడు,
పోస్టుమార్టం రిపోర్టుకు వచ్చినట్టు నిలబడ్తడు.
ఆకు తిప్పి చూస్త. అడుగున తెల్లగ పిండినల్లి.
సబ్బునీళ్లు సార్, పాత బ్రష్షు,
అయిదు రోజులకోపారి.
"అంతేనా?" అంటడు, మోసపోయినోని లెక్క.
ఎదురు షాపుల మూడొందల సీసా కొని
నాకు కనపడకుండ సంచిల పెట్టుకుంటడు.
కనపడ్తది.

మండిబజార్ షాహీన్ ఆపా
గులాబీలకు మిగిలిన చాయ్ పోస్తదట,
పాలు, చక్కెరతోటే.
చీమలకు దావత్ అయితది ఆపా,
పత్తిని కడిగి ఆరబెట్టి వెయ్యి.

కాజీపేట రైల్వే క్వార్టర్స్‌ల కొత్త జంట
మల్లెకు పొద్దుమాపు నీళ్లు పోసింది.
ఆకులు పచ్చగ, పూలు సున్న.
మాఘంల ఆకు దూయి బిడ్డా, కొమ్మ కత్తిరించు,
పది దినాలు దాని మొఖం చూడకు.
ఆ పిల్ల కండ్లల్ల నీళ్లు.
ప్రేమించుడు తెలుసు గానీ
ఊకుండుడు ఎవరూ నేర్పలే.

నాకొచ్చే ప్రశ్నల్ల సగానికి జవాబొక్కటే:
కొంచెం తక్కువ చెయ్యి.
బోర్డు రాయించి పెడ్దామనుకున్న.
బేరం పోతదని ఊకున్న.

సలోమి సిస్టర్ దగ్గరనే ఓడిపోయిన.
ఎంజీఎంల రాత్రి డ్యూటీ దిగి
పొద్దున ఎనిమిదికి ఆటోల వచ్చింది.
"రెండేండ్లాయె అక్కా,
చామంతి గుబురుగ పెరుగుతది,
ఒక్క మొగ్గ పెట్టది."
మట్టి? ఎర్రచలక, ఇసుక, మాగిన పేడ.
ఎండ? ఆరు గంటలు.
నీళ్లు? వేలు గుచ్చి చూసినంకనే.
కొనలు గిల్లినవా? శ్రావణందాక.
అన్నీ సరిగ్గ చేసేటోళ్లకు ఏం చెప్పాలె?
వేపపిండి పొట్లం చేతుల పెట్టి పంపిన,
సిగ్గుపడుకుంట.

ఒకనాడు పెద్దమ్మగడ్డల పెండ్లికి పోయి
తిరిగొస్తుంటే ఆమె గల్లీల ఆగిన.
రాత్రి పది దాటింది.
డాబా గోడకు ఆనుకొని కొత్త స్తంభం,
దాని మీద కార్పొరేషనోళ్ల తెల్లలైటు.
కుండీలల్ల పట్టపగలు.
ఆకుల నీడలు గోడకు మేకులు కొట్టినట్టున్నయ్.

చామంతి పొద్దు తగ్గితేనే పూస్తది.
ఇంత చీకటి, ఇంకింత చీకటి అని లెక్కపెట్టుకుంట
కడుపుల మొగ్గ కడ్తది.
దీనికి రెండేండ్ల సంది
రాత్రే కాలే.

తెల్లారి చెప్పిన:
నాలుగు కర్రలు పాతి
డ్యూటీకి పోయేటప్పుడు నల్లగుడ్డ కప్పు,
వచ్చినంక తియ్యి.
ఆమె నవ్వింది, శానసేపు.
"నిద్ర లేనిది నాకే అనుకున్న" అన్నది.
నేనేం అనలే.
అల్మారి దిక్కు చూసిన: డబ్బాలు, సీసాలు,
దేని మీదా ఆ రోగం పేరు లేదు.

ఆ మాపు షట్టరు దించుకుంట చూస్తే
దొంగల భయానికి నేను వెలిగించి పోయే బల్బు
సరిగ్గ నా చామంతి నారు మీదనే.
ఎన్నేండ్ల సందో!
పుయ్యనప్పుడల్లా
కడియం లారీ డ్రైవర్ను తిట్టిన.
స్విచ్చి తీసి
కాసేపు అక్కడనే నిలబడ్డ.
కుండీలు ఒక్కొక్కటే కనపడకుంట పోయినయ్.

కార్తీకంల సలోమి పువ్వు తెస్తదనుకున్న.
మినుపగింజంత మొగ్గలొచ్చినయని
చెప్పుకుంటనే ఇంకో ప్రశ్న తెచ్చింది:
"నల్లగుడ్డ మీద పక్కింటి పిల్లి పండుకుంటున్నదక్కా,
గుడ్డ కిందికి దిగుతున్నది. ఏం చెయ్యాలె?"

ఇంకో కర్ర పాతు, అన్న.
పండుకోనియ్యి.