గేజి రాయి

కాలవ వచ్చి గోదాట్లో కలిసేచోట మా లాకులు.
ఏటి వైపు గోడకి ఓ నల్లరాయి,
దాని మీద అడుగులు, అంగుళాలు.
తెల్లదొరల నాడు ఉలితో చెక్కినవి.
ఏటా వరదల ముందు
నేనే తెల్లరంగు దిద్దేవాణ్ణి.
లస్కరుగా నాకొచ్చిన చదువంతా
ఆ రాయి మీదే.

ఆటలమ్మ పోసిన ఏడు
వెదుళ్ళ మాణిక్యమ్మ ఎవర్నీ అడక్కుండా
దానికి పసుపు రాసేసింది.
నిలువుగా ఉంది, నీళ్ళలో ఉంది,
పైగా ఎవరి గుమ్మంలోనూ లేదు,
అమ్మవారికి ఇంకేం కావాలి?
మనవరాలు తేరుకుంది.
శుక్రవారం శుక్రవారం పసుపు మందమైంది.
మూడో అడుగు కుంకంలో కలిసిపోయింది.
రంగు దిద్దడం మానేశాను.
మా ఇంటావిడ కూడా ఓ నిమ్మకాయ పెట్టొచ్చింది మరి.

తర్వాత ఏసోబు కొడుకు.
పడవ తాడు పట్టుకుని ఈదుతూ
తలుపుల సందులోకి పోయాడు, పన్నెండేళ్ళవాడు.
దొరికిన చోటికి సూటిగా, రాయి తల మీద
ఏసోబు సున్నంతో సిలువ గీశాడు.
చెయ్యి వణికి అడ్డగీత వంకరపోయింది.
అదీ చూశాను. ఊరుకున్నాను.
ఆ వంకర చూశాక నోరెత్తేవాడెవడు?

ఎత్తారండి, అయిదారేళ్ళకి.
మోటారు సైకిళ్ళ మీద వచ్చారు,
మా ఊరివాళ్ళు కొందరు, మొహం ఎరగనివాళ్ళు ఎక్కువ.
సిలువ చెరపాలని వీళ్ళు,
ముందు పసుపు కడగమని వాళ్ళు.
వంతెన రెయిలింగుకి రెండు రంగుల జెండాలు.
కొబ్బరి లారీలు ఎటువి అటే ఆగిపోయాయి.
ఎస్సైగారు లాఠీ చంకలో పెట్టుకుని
"ఈ రాయి ఎవరిదిరా?" అన్నారు.
"శాఖదండి. ఆయ్." అన్నాను.
ఎందుకో అందరూ నవ్వారు.
శాఖది అంటే అందరిదీ అని నా ఉద్దేశం.
ఎవరిదీ కాదని వాళ్ళకి వినపడింది.

కాగితాలు నడిచాయి.
ధవళేశ్వరం వెళ్ళి, బెజవాడ వెళ్ళి,
పదిహేను రోజుల్లో యథాస్థితి, అంటూ వచ్చాయి.
ఏ యథాస్థితి?
పసుపుకి ముందుదా, తర్వాతదా,
రాయి కూడా లేనప్పటి ఉత్త రేగడి గట్టుదా?
డీయీగార్ని అడిగితే
"నీకెందుకయ్యా, సంతకం పెట్టు" అన్నారు.
పెట్టాను.

ఆ ఆగస్టులో
బ్యారేజీ దగ్గర రెండో హెచ్చరిక.
అర్ధరాత్రి సెక్షన్ ఆఫీసు నించి ఫోను:
"ఎంతుంది?"
టార్చి వేశాను.
పసుపు ఉంది. కుంకం ఉంది. సున్నం ఉంది.
జెండా పేలిక ఒకటి అంటుకుని ఉంది.
అంకె లేదు.
"ఎంతుందయ్యా? లంకల్లో జనాన్ని లేపాలా వద్దా?"

లుంగీ బిగించి మెట్లు దిగాను.
గుండెల్లోతు. ఎర్రనీళ్ళు,
ఎవరిదో గడ్డివామి దీపం లేని పడవలా పోతోంది.
రాయిని కౌగిలించుకుని చేత్తో తడిమాను.
పసుపు కింద, సున్నం కింద
ఉలి గాడి ఇంకా ఉంది.
వేలు దాని వెంటే పోయింది,
పైన ఓ సున్నా, కింద ఓ తోక.
"తొమ్మిదండీ!"
నా జన్మలో ఏ దేవుణ్ణీ
అంత గట్టిగా పిలవలేదు.

నీరు తీశాక ఇనపబ్రష్షుతో దిగితే
అప్పటికే ఏసోబు మెట్టు మీదున్నాడు.
"మావాడు పోయిన్నాడు నీళ్ళెంత?"
రిజిస్టరు చూడకుండానే చెప్పాను. ఆరున్నర.
బ్రష్షు లాక్కుని తనే గోకాడు,
వంకర గీత చివరంటా.
"ఆరున్నరకొచ్చినప్పుడల్లా ఓ కేకెయ్యి" అన్నాడు.
వేస్తున్నాను.

మాణిక్యమ్మ మాత్రం
నా చేతులు పడిపోవాలంది.
శుక్రవారం ఆవిడ రాసేది, శనివారం నేను కడిగేవాణ్ణి.
రెండేళ్ళు ఇలాగే.
మొన్న వేసవిలో ఏరు బాగా తగ్గితే చూశాను,
సున్నా అడుగుకి కింద,
శాఖకి లెక్కలేని చోట,
అరచెయ్యంత పసుపు.
దాన్ని కడగమని నాకెవరూ చెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఫైలు ఇంకా బెజవాడలోనే ఉందిట.
ఏరు ఈ పొద్దున
నాలుగూ పావు.