ఏడు మాటల తాళం

రూవిలో దర్జీ కొట్టు మీద మూడో అంతస్తు.
ఏడు మంచాలు, ఒక కిటికీ,
మాకు ముందున్నవాళ్లు వదిలేసిన ఒక రౌటరు డబ్బా.
నెట్టుకి నెలకి ఇరవై ఎనిమిది రియాళ్లు, తలా నాలుగు,
బియ్యం బస్తా పంచుకున్నట్టే.

పదో తారీకుకే వేగం చచ్చిపోతోంది.
వీర్రాజు దస్తగిరిని అంటాడు,
దస్తగిరి పెంచలయ్యని.
నేను ఏసీ డక్టులు బిగించేవాణ్ణి,
గాలి ఎక్కడ కారుతోందో వెతకడం నా పని.

లోపలికి పోయి లెక్కపెట్టాను.
ఏడుగురికి పదహారు ఫోన్లు.
తొమ్మిదింటికి మొహాలు లేవు.
దొంగలు అందామంటే నోరు రాలేదు,
మా తలుపు గడియ డబ్ల్యూఈపీ కాలం నాటిది,
పిన్నీసు చాలు ఊడి రావడానికి.
'బలహీన భద్రత' అని పేరు కింద ఫోను
ఎన్నాళ్ల నుంచో చెబుతూనే ఉంది,
సిగరెట్ పెట్టె మీది పుర్రెలా
చూసీ చూడనట్టున్నాం.

పెంచలయ్య రాత్రుళ్లు పెళ్లాంతో పడే పోట్లాట
ఎవరైనా విన్నారో లేదో తెలీదు.
తెలీకపోవడమే
వాడికి ఆ రాత్రి అన్నం సయించనివ్వలేదు.

శుక్రవారం హోండా రోడ్డుకి పోయి
పద్నాలుగు రియాళ్లకి కొత్తది తెచ్చాను.
అన్నిటికంటే గట్టిది డబ్ల్యూపీఏ త్రీ, అదే నొక్కాను.
ఒక్కొక్క ఫోనే వెలిగింది.
ఓదెలన్నది మాత్రం తిరుగుతూనే ఉంది చక్రం.
ఎనిమిదేళ్ల ఫోను, గాజు మీద టేపు.
"పోనీ తమ్మీ, నాకేం పని, నేను పండుకుంట" అని
గోడవైపు తిరిగాడు.
ఒకటో తారీకున అందరికంటే ముందు
నాలుగు రియాళ్లు బల్ల మీద పెట్టేది ఆయనే.

ఒక మెట్టు దిగాను. టూ, ఏఈఎస్‌తో.
గడియ ఒక పిసరు తగ్గింది కనక
తాళంచెవిని పొడుగు చేద్దామన్నాను.
పెళ్లాం పేరొద్దు, పిల్లల పుట్టినరోజులొద్దు,
తలా ఒక ఊరి మాట చెప్పండి.

'ళ'కి ఒక ఎల్లా రెండా అని గంటసేపు తగువు.
చివరికి తప్పు స్పెల్లింగే ఖాయమైంది,
అదే మంచిదన్నాను.
ఓదెలన్న చెప్పిన మాట మాలో ఎవరికీ తెలీదు.
ఎడ్ల మెడలో ఏదో కట్టేదట,
దాన్ని వివరించడానికి
లుంగీ ఎగ్గట్టి గది మధ్య కాసేపు ఎద్దయ్యాడు.
ఆ మాట ఇక్కడ రాయను.

పొద్దున్నే మెట్లెక్కి వచ్చాడు కింది దర్జీ, సిల్హెట్ మనిషి.
చేతిలో నా చొక్కా, కాజాలు కుట్టింది.
నెట్ పోయింది భాయ్.
మొహం చూడలేక చొక్కా చూశాను.
గది గదంతా మాట్లాడుకుంది.
ఇరవై ఎనిమిదిని ఎనిమిదితో భాగించాం, మూడున్నర.

ఇప్పుడతను మర్చిపోతానన్న భయంతో
మా ఏడు మాటల్నీ పైకే వల్లె వేసుకుంటూ
మెట్లెక్కుతాడు,
ఓదెలన్న మాట దగ్గర కొంచెం ఆగి, ముద్దుగా.
మెట్ల మీది కుర్రాళ్లు తలెత్తి వింటారు.

రాత్రికి మళ్లీ మార్చాలి.