మూడో చాటింపు

విభూది బుధవారం లోపలైతే సరే అన్నరు ఫాదర్.
కల్లంల మిర్చి ఇంకా పచ్చి ఆరలేదన్నడు నాయిన.
తపస్సు కాలంల తాళి మంత్రించరు,
ఎనుమాముల ధర మా కోసం ఆగదు.
ఇద్దరి నడుమ క్యాలెండరు
మొలకు వేలాడుకుంట ఊగింది.

ఆఖరికి పాస్కా అయినంక సోమవారం.
ఎండలు. కిరాయి కూలర్లు నాలుగు, వంటకు ఖాజామియా,
పాటల గుంపుకు ఒకే రంగు చీరలని అత్త పట్టు.
జ్ఞానస్నానం పుస్తకంల నేను సిసిల్య,
ఆధార్‌ల స్రవంతి.
ఉపదేశి రెండు పేర్ల నడుమ గీత గీసి
సిరా ఆరేదాంక ఊదిండు.

మూడు ఆదివారాలు చదవాలె.
మూడోసారి,
"ఏదేని ఆటంకము తెలిసినవారు..." అని
ఫాదర్ కళ్లద్దాల మీదికెల్లి చూసినప్పుడు
గుడంత ఊపిరి బిగవట్టింది.

అప్పుడు తుమ్మిండు లూర్దయ్య మామ,
రాత్రంత యార్డుల బస్తాల మీద పండి
సక్కగ పూజకు వచ్చినోడు.

ఒంటి తుమ్మని అమ్మ నా మోకాలు గిల్లింది.
ముందు బెంచీల ముసలోళ్లు మెడలు తిప్పిండ్రు.
"మిర్చి తుమ్ము. రాసుకోను"
అని పుస్తకం మూసిండ్రు ఫాదర్.

బయట, చెప్పుల కాడ, మామ అంగి దులిపిండు.
నేనూ తుమ్మిన.
"రెండైనయి" అన్నది అమ్మ,
కొంగుతోని ముక్కు మూసుకుంట.