అతుకుపని

బుల్లబ్బాయి గారి ఫోనులో ఓ ఊరొచ్చింది.
సఖినేటిపల్లి పంటు దిగి, బురదకాళ్ళు కడుక్కుని,
"మీ గుడ్డ ఎక్కడ పరిచారో చూడండమ్మా" అని
మా జెమీమా చేతికిచ్చాడు.

తోర్తోసా అట.
స్పెయిను అన్నాడాయన.
"కాటలోనియా అనండి, సంతోషిస్తారు, వాళ్ళ భాష వేరంట" అంది జెమీమా.
ఇంటరు తప్పింది గానీ ఫోనులో అన్నీ చదువుద్ది.
అక్కడా ఓ ఏరు
సముద్రంలో పడే ముందు మెత్తబడి, కాళ్ళు చాపుకుని
వరి పండిస్తుందంట.
"అయితే మనోళ్ళే" అన్నాను.
ఉప్పుగాలికి అక్కడ కూడా కిటికీ ఊచలు తుప్పు రాలతాయా?
ఎవరూ చెప్పలేదు.

పొడుగాటి గది. గోడ నిండా పటాలు.
ఆ ఊళ్ళో పుట్టి పేరు తెచ్చుకున్నవాళ్ళంట.
మెడ చుట్టూ తెల్లటి మడతలున్నాయన వకీలు.
మీసం పైకి తిప్పినాయన గుడిగంటలు పోతపోశాడు.
గడ్డమాయన కట్టిన పాటలకి రాళ్ళు కూడా ఏడ్చేవంట,
ఇప్పుడెవరికీ రావంట.
ఆడమనిషి ఒక్కతే.
ఏం చేసిందో రాసినచోట ఫోటో వెలుగు పడి
తెల్లగా కాలిపోయింది.
ఇంకో పదిమంది.
జెమీమా పేర్లు చదువుతుంటే
మూకుట్లో పేలాలు పేలినట్టుంది.

నేను గోడ చూళ్ళేదు. బల్ల చూశాను.

పద్దెనిమిది అడుగుల గుడ్డ.
మూడొందల పన్నెండు పువ్వులు,
తొమ్మిదిమంది చేతులు, ఓ వానాకాలమంతా.
పువ్వులు వాళ్ళవి. అతుకు నాది.
బిగువుగా ఉన్నవి ఓగూరి మార్తవి,
మొగుడితో మాట్లాడని వారాల్లో ఇంకా బిగువు.
కునికిపాట్లు పడుతున్నట్టుండేవి చెల్లుబోయిన వరాలువి,
ఒళ్ళో చంటాడు, వేలికి దారం.
మనుషుల్ని మర్చిపోతాను గానీ
ముడి మర్చిపోను.

"అదుగో."
"ఏదే?"
"పెద్దది చెయ్యి."
జెమీమా రెండేళ్ళతో తెరిచింది.
వకీలు పైకెళ్ళిపోయాడు.
గంటలాయన మీసం కాసేపు నిలబడి, అదీ పోయింది.
"ఇంకా."
గోడ లేదు. బల్ల లేదు.
ఫోనంతా ఒకటే పువ్వు.
లెక్కపెట్టాను. ఏడు రేకలు.
ఎనిమిదుండాలి.

గెద్దాడ కరుణమ్మది.
శుక్లాలు ముదిరాక అల్లిన ఆఖరి కండె.
తప్పు పువ్వని నలభై కోశాడు బుల్లబ్బాయి,
పారెయ్యమన్నాడు.
ఎవరి మోకాళ్ళ దగ్గరో దాక్కుంటుందిలే అని
కొస అంచున అతికేశాను.
వాళ్ళు ఆ అంచునే
వచ్చేపోయే జనం వైపు వేలాడేశారు.

"నలభై ఇచ్చెయ్యండి మరి" అన్నాను.
ఆయన నవ్వి, జేబు తడుముకుని,
"చిల్లర లేదండి" అన్నాడు.

మధ్యాహ్నం ఆయనింకా భోజనం చేస్తుండగానే
ఫోను పట్టుకుని కరుణమ్మ పాకకెళ్ళాం.
చూపుడువేలు తెచ్చి అద్దం మీద పెట్టాను.
"నున్నగా ఉందేంటే? ఇది లేసేనా?"
వేలు కదిలింది. పువ్వు జారింది.
పెద్దమనుషులందరూ ఒక్కొక్కరే
ఆవిడ గోటికిందికి దిగొచ్చారు.
ఆవిడకి తెలీదు. రుద్దుతూనే ఉంది,
వకీలు మొహం, ఆ ఒక్కత్తి మొహం,
పొట్టు ఊదే ముందు బియ్యం చూసినట్టు.

"ఆ గుడ్డ మీద అన్నాలు తింటారా,
కాయితాలు పెట్టుకుంటారా?"
తెలీదన్నాను.
"తింటే మరక పడుద్ది. రాయవే పిల్లా,
కుంకుడు రసం, చన్నీళ్ళు.
పిండకూడదు. నీడలో పరిచి ఆరెయ్యమను.
ఆ ఏడు రేకల దగ్గర
కొంచెం నెమ్మదిగా."

జెమీమా నిజంగానే రాసింది.
బుల్లబ్బాయి పంపుతాడో లేదో.
"కింద ఎవరి పేరు పెట్టనే?" అంది.

కరుణమ్మ అప్పటికే
సూది ఎక్కడ పడిందో అని
చాప తడుముకుంటోంది.