వీసమెత్తు వేడి

అయిదు వేల మీటర్ల ఎత్తున
ఆవిరి కూడా ఆయాసపడి ఆగిపోయే అటకామా మెట్టమీద
ఎవరిస్తో కోల్కే
రాత్రంతా ఒక చలికి కాపలా కాస్తాడు.

ఆ చలి ఉక్కు పీపాలో ఉంటుంది.
మా బయటి చలి దాని ముందు వడగాలి.
పీపా అడుగున గోరులో సగం లేని బిళ్ళ.
రంగులు దానికి తెలియవు.
చుక్క ఎరుపో నీలమో అడిగితే చెప్పదు;
ఒంటిమీద పడ్డదంతా మింగి
వీసమెత్తు వెచ్చబడుతుంది, అంతే.
ఆ వీసాన్నే నేను పద్దు రాస్తాను.

కన్ను పిసినారి సాక్షి.
హరివిల్లంత ఇరుకు కిటికీలోంచి తొంగిచూసి
ఇల్లంతా చూశానంటుంది.
నీలి చుక్క తన సొమ్ములో సింహభాగం
ఊదా అంచుకు అవతల ఖర్చుపెడుతుంది,
దాన్ని గాలి దారిలోనే కాజేస్తుంది;
ఆ వాటా ఉపగ్రహాల దగ్గర అప్పు తెచ్చుకుంటాం.
ముసలి ఎర్ర చుక్క
ఎరుపుకు దిగువన నివురుగప్పి కాగుతుంటుంది.
చూసినదానికి చూడనిది కలిపి
అడుగున గీత గీస్తే గానీ
ఒక చుక్క మొత్తం కాదు.
ఆ కలిపేదాన్ని మేం సవరణ అంటాం.
ఒప్పుకోలు అనాలి నిజానికి.

ఎవరిస్తో చెవులు కలామా పక్క రాగి గనిలో పోయాయి.
ముప్ఫై ఏళ్ళ పేలుళ్ళు
సన్నని చప్పుళ్ళన్నీ ఊడ్చుకుపోయాయి.
భార్య తిట్టు వినిపిస్తుంది, మనవరాలి ఈల వినిపించదు.
"దాని బుగ్గలు చూస్తాను,
మిగతాది నేనే కలుపుకుంటాను" అంటాడు.
పంపు మీద అరచెయ్యి ఆనించి
అలారం కంటే ముందే లేస్తాడు.

ఆగస్టులో ఒక రాత్రి
సూచీ ఉన్నట్టుండి ఎగబాకింది.
మామూలు కెమెరాలో అదే చోట ఏమీ లేదు.
తీగలు తడిమాను, పీపాను తిట్టాను,
కింద ఎవరో ట్రక్కు ఇంజను ఆపలేదని అరిచాను.
ట్రక్కే లేదు.
తన మసిని తానే ముసుగేసుకున్న చుక్క అది.
కొన్ని వేల సూర్యుళ్ళు కుప్పపోసినంత,
కంటికి మాత్రం చిమ్మచీకటి.

"ఎక్కడ, ఇస్మేనియా?"
ఆక్సిజన్ గొట్టాలు ముక్కుకు సర్దుకుని బయటికొచ్చాం.
వేలుతో చూపించాను.
చూపించడానికేముంది, నలుపు.
వాళ్ళ అవ్వ పాలపుంతలో నల్లమచ్చలకే పేర్లు పెట్టేదట,
తల్లి లామా, దాని పిల్ల, వెనకే నక్క.
అందుకే కాబోలు అతను ఆశ్చర్యపోలేదు.
చేతి తొడుగు విప్పాడు.
పొయ్యి ఆరిందో లేదో చూసేవాడిలా
అరచెయ్యి పైకి చాచి
చాలాసేపు నిలబడ్డాడు.
ఉంది అన్నాడో, లేదు అన్నాడో
గాలిలో నాకు వినపడలేదు.

తెల్లవారుజామున మొత్తం రాశాను.
పక్కన, అలవాటుగా,
ఎంత తప్పయి ఉండొచ్చో అదీ రాశాను.
ఎవరిస్తో కోకా ఆకు టీ కాచడానికి లేచాడు,
తనకు వినపడని ఈల
ఒకటి వేసుకుంటూ.