పన్నెండో భాగం

పర్లాకిమిడిలో కరెంటు పోయిన మధ్యాహ్నం
కొమ్ముదువ్వెనకి పళ్ళు కోస్తూ
ఫోన్లో నవల వింటున్నాను.
పన్నెండో భాగం.
ఆవిడ ఇంకా తలుపు తియ్యలేదు.

పుస్తకం మా ఇంట్లోనే ఉంది.
తాత కొన్నది. అట్ట చెదలు తినేసింది.
నేను ఒడియా బడిలో చదువుకున్నవాణ్ణి,
తెలుగు నాకు నోటిదాకా వచ్చింది గానీ
కంటిదాకా రాలేదు.
అయినా పక్కన తెరిచిపెట్టుకుంటాను,
చెప్పేవాడు ఊపిరి తీసినచోట
అందాజుగా పేజీ తిప్పుతాను.

దండపాణి మహారాణా ఆకురాయి ఆపి
"తలుపు తీసిందా?" అంటాడు.
లేదు, వాన పడతందిట.
విన్నకొద్దీ ఏదో అనుమానమొచ్చి
చేటలో కొమ్ముపొట్టు పోసి కదిపాను.
అదే వాన!
ఎక్కడో తలుపులు మూసిన గదిలో
మనలాంటోడొకడు చేట ఊపుతున్నాడురా
అని ఇద్దరం ఒకటే నవ్వు.

వాకిట్లో తడుస్తున్న మొగుడు
"నేనే" అన్నాడు.
అంతే. ఆ ఒక్క ముక్కకి
గొంతు ఎన్నాళ్ళు వెతుక్కున్నాడో.
మా నవ్వు ఎటు పోయిందో తెలీలేదు.

తాత దీన్ని చప్పుడు లేకుండా చదివేవాడు.
లోపల ఎవరి గొంతులు పెట్టుకునేవాడో,
ఈ మొగుడికి ఎవరిది ఇచ్చాడో.

ఫోన్ ఆపి పేజీలో వెతికాను:
అచ్చం ఒకేలాంటివి రెండక్షరాలు,
దువ్వెన పళ్ళలా పక్కపక్కన.
ఒకచోట ఉన్నాయి.
అదేనో కాదో చెప్పే మనిషి లేడు.
పొట్టు అంటిన వేలు దానిమీదే పెట్టి
కూర్చున్నాను.

"తీసిందా?" అంటున్నాడు దండపాణి.